డ్యాన్సర్ల ఆత్మగౌరవం మీద పరిశోధన: గురువుగారు ఒప్పుకుంటే సరిపోతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరు నుంచి ఒక పీహెచ్‌డీ విద్యార్థిని అడిగారు. విజయవాడ, గుంటూరుల్లో నాట్యమే జీవనాధారంగా ఉన్న నూట ఇరవై మందితో ఆత్మగౌరవం మీద అధ్యయనం చేయాలనుకుంటున్నారు. కూచిపూడి కళాకారులు, డ్యాన్స్ టీచర్లు, ఈవెంట్లలో ఆడేవాళ్లు అందరూ ఉంటారు. ముందు ఆత్మగౌరవాన్ని కొలిచే రోసెన్‌బర్గ్ ప్రశ్నావళి, తర్వాత కొందరితో ఇంటర్వ్యూలు. ఆవిడ కూడా చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నారు. అకాడమీల గురువులు ఒప్పుకుని, "మా పిల్లలందరి చేతా రాయిస్తాం" అన్నారట. అయినా గైడు, పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తెమ్మంటున్నారు. "మందులిచ్చే ప్రయోగం కాదు కదా, పది ప్రశ్నలకు ఇంత తతంగం ఎందుకు? అసలు నేను ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?"

అమ్మా, మీ గైడు సరిగ్గానే చెప్పారు. నేను చాలా ఏళ్లుగా మనస్తత్వశాస్త్రం బోధిస్తున్నాను, ఎథిక్స్ కమిటీల్లో కూర్చుని ఇలాంటి దరఖాస్తులు చదువుతున్నాను. కళాకారుల మీద అధ్యయనాలు వచ్చినప్పుడు నేను ముందు చూసేది ప్రశ్నావళిని కాదు. ఆ కాగితం ఎవరి చేతుల మీదుగా డ్యాన్సర్‌కి అందుతోంది, నింపాక ఎవరి కంట పడుతోంది అన్నది చూస్తాను. మీ పనిలో ప్రమాదం పది ప్రశ్నల్లో లేదు. జవాబు చెప్పే అమ్మాయి రేపటి ప్రోగ్రాం ఇంకొకరి చేతిలో ఉండటంలో ఉంది. మీ దరఖాస్తు అంతా ఈ ఒక్క సంగతి చుట్టూ అల్లుకోండి.

మన దగ్గర ఈ రంగం ఎంత చిన్నదో మీకు తెలుసు. 2016 డిసెంబర్‌లో విజయవాడ మునిసిపల్ స్టేడియంలో వేల మంది ఒకేసారి కూచిపూడి ఆడారు, నిజమే. కానీ అంతమందిలో ఎక్కువ భాగం నేర్చుకుంటున్న పిల్లలే. నాట్యం మీద ఇల్లు గడుపుకునేవాళ్లు వేరు. వాళ్లు కొద్దిమంది, వాళ్లందరికీ ఒకరితో ఒకరికి పరిచయం. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ప్రోగ్రాం జరిగితే ముందు వరసలో ఎవరున్నారు, ఈసారి ఎవరిని పిలవలేదు అన్నది మర్నాటికల్లా గుంటూరులో మాట్లాడుకుంటారు. ఇలాంటి చోట "పేరు రాయక్కర్లేదు, కాబట్టి రహస్యమే" అన్న మాటకు బలం లేదు.

ఇప్పుడు "మా పిల్లలందరి చేతా రాయిస్తాం" అన్న మాట దగ్గరకు వద్దాం. అది ఎలా జరుగుతుందో ఒక్కసారి ఊహించండి. సాయంత్రం క్లాసు అయిపోయింది. టీచరుగారు తాళం వేసే కర్ర పక్కన పెట్టి, "అక్క పీహెచ్‌డీ చేస్తోంది, అందరూ ఈ పేపర్లు నింపి ఇచ్చి వెళ్లండి" అన్నారు. చెమటకు తడిసిన ప్రాక్టీస్ చీరల్లోనే అమ్మాయిలు నేల మీద వరసగా కూర్చున్నారు. పెన్నులు చాలక ఒకరి తర్వాత ఒకరు రాస్తున్నారు. "ఒక్కోసారి నేను దేనికీ పనికిరానని అనిపిస్తుంది" అన్న వాక్యం దగ్గర ఒకమ్మాయి ఆగింది. పక్కనున్న అమ్మాయి తన పేపర్లోకే చూస్తోంది. చటుక్కున "అస్సలు ఒప్పుకోను" దగ్గర టిక్కు పెట్టేసింది. పేపర్లన్నీ టీచరుగారి దగ్గరకే చేరాయి. ఆవిడ కట్ట సర్దుతూ పైన ఉన్న రెండు మూడు తిరగేశారు. చెడు ఉద్దేశం ఏమీ లేదు, మా పిల్లలు ఏం రాశారో అన్న ఆప్యాయతే. కానీ ఆ అమ్మాయి టీచరుగారి చేతులనే చూస్తూ నిలబడింది.

అక్కడ మీకు దొరికింది సమ్మతి కాదు, విధేయత. పైగా డేటా కూడా చెడింది. అందరూ తమ మీద తమకు గొప్ప గౌరవం ఉందని రాసి ఇస్తారు, మీరు దాన్ని కంప్యూటర్లో ఎక్కించి సగటు తీస్తారు. మంచి పద్ధతికీ మంచి ఫలితానికీ మధ్య పోటీ ఉందని కొందరు విద్యార్థులు అనుకుంటారు. మీ అంశంలో ఆ రెండూ ఒకటే. భయం లేని చోటే నిజం రాస్తారు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో తెచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాలు ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక, ప్రవర్తనా పరిశోధనలకూ వర్తిస్తాయి. పైవాళ్ల కింద పనిచేసేవాళ్లు, చదువుకునేవాళ్లు స్వేచ్ఛగా "వద్దు" అనలేకపోవచ్చు కాబట్టి వాళ్ల విషయంలో ప్రత్యేక రక్షణ కావాలని అవి చెబుతాయి. గురువుకూ శిష్యురాలికీ మధ్య ఉన్న బంధం ఆ కోవలోకే వస్తుంది. మన సంప్రదాయంలో గురువు మాట కాదనడం తప్పు. ఆ గౌరవాన్ని తక్కువ చేయమని నేను అనడం లేదు. ఆ గౌరవాన్ని మీ శాంపిల్ నింపుకోవడానికి వాడుకోకూడదు అంటున్నాను.

అందుకని గురువుగారి దగ్గర తీసుకోవాల్సిన అనుమతి ఒక్కటే: ఆ హాల్లోకి వచ్చి అయిదు నిమిషాలు మాట్లాడే అనుమతి. మీరు మాట్లాడేటప్పుడు ఆ గురువుగారు బయట ఉండాలి. ఇది మర్యాదగా ముందే అడగండి, కమిటీ నియమం అని చెప్పండి, నొచ్చుకోరు. వివరాల కాగితం, ప్రశ్నావళి, కవరు అందరికీ ఇచ్చి ఇంటికి తీసుకెళ్లమనండి. ఇష్టం లేనివాళ్లు ఖాళీ ఫారమే కవర్లో పెట్టి అతికించి ఇవ్వవచ్చని స్పష్టంగా చెప్పండి. అప్పుడు ఎవరు రాశారో, ఎవరు రాయలేదో బయటికి ఎవరికీ తెలియదు. తేదీ చెప్పి మీరే వెళ్లి కవర్లు నేరుగా తీసుకోండి, లేదా తపాలా బిళ్ల అతికించి మీ డిపార్ట్‌మెంట్ చిరునామా రాసిన కవరు ఇవ్వండి. ఇంటర్వ్యూకి ఇష్టమున్నవాళ్లు మీ నంబరుకు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేయాలి. అకాడమీ వాట్సాప్ గ్రూపులో "ఎవరెవరు వస్తారు, చేతులెత్తండి" అని మాత్రం అడగకండి. నూట ఇరవై కాస్తా డెబ్భై అయితే కానివ్వండి. శాంపిల్ ఎందుకు తగ్గిందో థీసిస్‌లో రాయండి, వైవాలో మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు.

ఇంకొకటి. పని మొదలయ్యాక ఏదో ఒక రోజు ఒక గురువుగారు మిమ్మల్ని పక్కకు పిలిచి అడుగుతారు: "మా దాంట్లో ఎవరు డల్‌గా ఉన్నారో చెప్పమ్మా, నేను చూసుకుంటాను." ఆయన నిజంగా బాగు కోరే అడగవచ్చు. అయినా చెప్పకూడదు. ఒక్కరి పేరు చెప్పినా, కనీసం "మీ అకాడమీ సగటు తక్కువగా ఉంది" అన్నా, మీరు ఇచ్చిన మాట తప్పినట్టే. అందుకే మొదటి రోజే చిన్న ఉత్తరం ఇచ్చి సంతకం తీసుకోండి. ఎవరి జవాబూ, ఏ అకాడమీ విడి ఫలితమూ ఎవరికీ ఇవ్వబోమని అందులో ఉండాలి. ఆ రోజు మొహమాటం లేకుండా ఆ ఉత్తరం గుర్తు చేయవచ్చు.

మీరూ డ్యాన్సరే కావడం మేలూ, ఇబ్బందీ. గజ్జె కట్టిన కాళ్ల నొప్పి తెలిసినవాళ్ల దగ్గర మనసు విప్పుతారు. కానీ తాము మాట్లాడుతున్నది పరిశోధకురాలితోనా, స్నేహితురాలితోనా అన్నది వాళ్లు మర్చిపోతారు. కాసేపటికి మీరూ మర్చిపోతారు. టీ తాగుతూ చెప్పిన మాట థీసిస్‌లోకి ఎక్కకూడదు. రికార్డర్ ఆపాక ఏదైనా ముఖ్యమైనది చెబితే "ఇది రాసుకోవచ్చా?" అని మళ్లీ అడగాలి. మీ గురువుగారి శిష్యులను, మీతో కలిసి ప్రోగ్రాంలు చేసేవాళ్లను ఇంటర్వ్యూల నుంచి తప్పించండి. మీరు ఏ బాణీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది అవతలివాళ్లకు ముందే చెప్పండి. ఎలాగూ తెలుస్తుంది, తర్వాత తెలిస్తే మోసపోయామనుకుంటారు.

ఇక మీ వివరాల ఫారం సంగతి. ఇలాంటి అధ్యయనాల్లో మొదటి పేజీలో వయసు, చదువు, కులం, "కుటుంబంలో కళా నేపథ్యం ఉందా?" అనే గడులు ఉంటాయి. మీ ఫారంలోనూ ఉంటాయనే అనుకుంటున్నాను. మిగతావాటి మాట ఎలా ఉన్నా, ఆ చివరి గడి గురించి కాస్త నిదానంగా ఆలోచించండి.

కూచిపూడి అగ్రహారం నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లకు ఆ ప్రశ్న గర్వకారణం. తాత పేరు, ముత్తాత పేరు, ఏ మేళంలో ఎవరు స్త్రీ వేషం కట్టారో కూడా చెబుతారు. కానీ కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లోనే దేవదాసీ సంప్రదాయానికి చెందిన కలావంతుల కుటుంబాలూ ఉన్నాయి. ఆ ఇళ్లలోని ఆడవాళ్లు తరతరాలుగా ఆటా పాటా అభినయమూ నిలబెట్టారు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పటికి మన కోస్తా జిల్లాలు అందులోవే. తర్వాత 1988లో ఆంధ్రప్రదేశ్ కూడా చట్టం తెచ్చింది. దురాచారం పోవాల్సిందే. కానీ దాంతోపాటు ఆ ఆడవాళ్లు నేర్చిన కళకూ మచ్చ పడింది, చాలా కుటుంబాలు ఇంటిపేర్లు మార్చుకున్నాయి, ఊళ్లు మారాయి, పెళ్లి సంబంధాలప్పుడు అమ్మమ్మ ఊసెత్తడం మానేశాయి. ఆ ఇంటి మనవరాలు ఇవాళ విజయవాడలో డ్యాన్స్ టీచరుగా ఉండవచ్చు. ఆమె ముందు మీరు "కుటుంబంలో కళా నేపథ్యం ఉందా? ఉంటే వివరించండి" అన్న గడి పెడితే, ఆమె అబద్ధమైనా రాయాలి, లేదా ఇన్నాళ్లూ దాచుకున్నది బయట పెట్టాలి. ఆత్మగౌరవం కొలవడానికి వెళ్లి దాని మీదే దెబ్బ వేసినట్టు అవుతుంది.

కాబట్టి ప్రతి గడికీ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ సమాచారంతో నేను ఏ లెక్క కట్టబోతున్నాను? కులం వివరంతో మీ పరికల్పనలో (మీరు తేల్చదలచిన ఊహలో) పని లేకపోతే ఆ గడి తీసేయండి. అలవాటుగా వస్తోందని ఉంచకండి. కుటుంబ నేపథ్యం నిజంగా కావాలంటే ప్రశ్నావళిలో కాదు, ఇంటర్వ్యూలో, కాస్త చనువు ఏర్పడ్డాక, "నాట్యంలోకి ఎలా వచ్చారు?" అని అడిగి వదిలేయండి. చెప్పాలనుకుంటే చెబుతారు. వాళ్లు ఎక్కడ ఆపితే అక్కడే మీరూ ఆపండి.

బరువు, ఎత్తు, రంగు, తిండి అలవాట్లు కూడా ఇలాంటివే. నాట్యంలో శరీరం గురించి మాటలు పడనివాళ్లు అరుదు. "కాస్త తగ్గు", "ఈ రంగుకి ఈ పాత్ర నప్పదు" అన్న మాటలు ఏళ్ల తరబడి మనసులో ఉండిపోతాయి. పదిమందిలో బరువు తూచడం లాంటివి అస్సలు వద్దు. శరీరం గురించిన ప్రశ్నలు తప్పనిసరైతే అవి ఉంటాయని వివరాల కాగితంలోనే చెప్పండి, ఆ భాగం వదిలేసే వీలు ఇవ్వండి. స్త్రీ వేషాలు వేసే మగవాళ్లను వాళ్ల వ్యక్తిగత జీవితం గురించి కుతూహలంతో అడగకండి. ఆ ఎగతాళి వాళ్లు చిన్నప్పటి నుంచి పడుతున్నారు, పరిశోధన పేరుతో మళ్లీ పడనక్కర్లేదు.

ఈవెంట్ డ్యాన్సర్ల దగ్గర పరిస్థితి ఇంకో రకం. సంగీత్‌లు, కాలేజీ ఫంక్షన్లు, జాతరలు, తిరునాళ్లలో స్టేజీ షోలు, ఊళ్లలో రికార్డింగ్ డ్యాన్సులు అన్నీ ఈ మాట కిందకే వస్తాయి. వీళ్లకు గురువు స్థానంలో ఆర్గనైజర్ ఉంటాడు. పేమెంట్ అతని చేతిలో, వ్యాన్ అతని చేతిలో, వచ్చే వారం పిలుపూ అతని చేతిలో. అతని ద్వారా వెళ్తే అకాడమీలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది, ఇంకాస్త గట్టిగా. ఒకరి ద్వారా ఇంకొకరిని నెమ్మదిగా పరిచయం చేసుకోండి. అదీ "నా నంబరు ఆమెకు ఇవ్వండి" అని అడగాలి, "ఆమె నంబరు నాకివ్వండి" అని కాదు. చాలామంది తాము ఏ పని చేస్తున్నారో ఇంట్లో చెప్పరు. ఈవెంట్ మేనేజ్‌మెంట్ అనో, బ్యూటీ పార్లర్ అనో చెబుతారు. మీరు వాట్సాప్‌లో "డ్యాన్సర్ల సర్వే" అని మెసేజ్ పెడితే ఆ ఫోన్ ఆ నిమిషంలో తమ్ముడి చేతిలోనో భర్త చేతిలోనో ఉండవచ్చు. ఏ పేరుతో, ఏ వేళకు, ఎలా పలకరించాలో వాళ్లనే అడగండి.

రికార్డింగ్ డ్యాన్సుల మీద పోలీసులు కేసులు పెడుతుంటారు, సంక్రాంతి రోజుల్లో మరీనూ. మన దేశంలో వకీలుకు ఉన్నట్టు పరిశోధకులకు చట్టం గోప్యతా హక్కు ఇవ్వలేదు. కోర్టు అడిగితే మీ నోట్సు ఇవ్వాల్సి రావచ్చు. దీనికి ఉపాయం ఒక్కటే, అవసరం లేనిది రాసుకోకపోవడం. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరు పెట్టించారు అన్నవి మీ అంశానికి అక్కర్లేదు. చెప్పబోతే "ఊరి పేరు వద్దండీ" అని మీరే ఆపండి.

డబ్బు విషయంలో సిగ్గుపడకండి. రోజు కూలి మీద బతికే డ్యాన్సర్‌ను రెండు గంటలు కూర్చోబెడితే ఆ సమయానికి, బస్సు చార్జీలకు ఏదో ఒకటి ఇవ్వడం న్యాయం. ఐసీఎంఆర్ దాన్ని తప్పుపట్టదు. డబ్బు ఆశ చూపి ఒప్పించేంత పెద్ద మొత్తాన్నే వద్దంటుంది. ఎంత ఇస్తారో కమిటీ ముందు పెట్టండి, అందరికీ ఒకే మొత్తం ఇవ్వండి, మధ్యలో లేచి వెళ్లిపోయినవాళ్లకూ ఇవ్వండి, నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి.

మైనర్ల గురించి మీరు అడగలేదు, కానీ నాట్యరంగంలో పదహారు పదిహేడేళ్ల వాళ్లు కూడా పారితోషికం తీసుకుని ఆడుతున్నారు. పద్దెనిమిది నిండనివాళ్లను చేర్చుకుంటే తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల అంగీకారం రెండూ కావాలి. ఐసీఎంఆర్ ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల వాళ్ల అంగీకారం నోటిమాటగా, ఆపై వయసువాళ్లది రాతపూర్వకంగా తీసుకోవాలి. అమ్మ సరే అన్నా పాప వద్దంటే వద్దనే లెక్క. పైగా పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ఉంది. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని మీకు తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. "మీరు చెప్పింది ఎవరికీ చెప్పను" అని సమ్మతి పత్రంలో రాసి, తర్వాత ఇలాంటిది వింటే ఏం చేస్తారు? అందుకే గోప్యతకు ఉన్న ఈ హద్దును ముందే మామూలు మాటల్లో చెప్పాలి. నా సలహా అడిగితే, పీహెచ్‌డీ స్థాయిలో, ఒక్కరే చేస్తున్న పనిలో, పద్దెనిమిది దాటినవాళ్లకే పరిమితం కండి. పిల్లల మీద అధ్యయనం కావాల్సిందే, కానీ పక్కన సైకాలజిస్టు, శిశు సంక్షేమం తెలిసినవాళ్లు ఉన్న బృందం చేయాల్సిన పని అది.

పెద్దవాళ్లు కూడా తమకు చిన్నప్పుడు జరిగినవో, ఇప్పుడు ఆర్గనైజర్ దగ్గర జరుగుతున్నవో చెబుతారు. ఆత్మగౌరవం గురించి శ్రద్ధగా వింటే ఇవి రాకుండా ఉండవు. పెద్దవాళ్ల విషయంలో ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. మీరు ఆవేశపడి వాళ్ల తరఫున ఎవరితోనూ మాట్లాడకండి. ఎక్కడికి వెళ్లవచ్చో చెప్పండి, తోడు కావాలంటే ఎవరు వస్తారో కనుక్కుని పెట్టండి. కానీ ఆమె చెబుతున్నది ఇప్పటికీ పిల్లల మధ్య తిరుగుతున్న మనిషి గురించి అయితే అది మీరొక్కరే మోయాల్సిన విషయం కాదు. ఆ రోజే గైడుకూ కమిటీకీ చెప్పి చట్టప్రకారం ఏం చేయాలో తేల్చుకోండి.

రోసెన్‌బర్గ్ ప్రశ్నావళి గురించి ఒకటి రెండు మాటలు. అది 1965 నాటిది, న్యూయార్క్ రాష్ట్రంలో హైస్కూలు పిల్లల కోసం తయారైంది. పది వాక్యాలు, సగం అనుకూలంగా, సగం ప్రతికూలంగా ఉంటాయి. రోగ నిర్ధారణ పరీక్ష కాదు. కానీ నింపినవాళ్లు "నాకు ఎంత వచ్చింది?" అని తప్పకుండా అడుగుతారు. పోటీల్లో, సర్టిఫికెట్ పరీక్షల్లో మార్కులకు అలవాటుపడ్డ మనుషులు కదా. "ముప్పైకి పన్నెండు" అని చెబితే దాన్ని ఇంకో ఫెయిల్ మార్కుగా ఇంటికి తీసుకెళ్తారు. విడి స్కోర్లు చెప్పబోమని ముందే చెప్పండి, కారణమూ చెప్పండి. తెలుగు అనువాదం చేయించి, దాన్ని చూడనివాళ్ల చేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి పోల్చుకోండి. డ్యాన్స్‌తో సంబంధం లేని కొందరి మీద ముందు పరీక్షించండి. ప్రోగ్రాం ముందు గ్రీన్ రూంలోనో, రంగప్రవేశం ముందు వారంలోనో ఇవ్వకండి. మేకప్ వేసుకుంటూ టెన్షన్‌లో ఉన్న మనిషిని "మీరు విలువైన మనిషినని అనుకుంటున్నారా?" అని అడగడం భావ్యం కాదు.

పది వాక్యాల్లో ఏదో ఒకటి ఎవరికో లోతుగా తగులుతుంది. ఇంటర్వ్యూ మధ్యలో ఏడ్చేవాళ్లు ఉంటారు. చచ్చిపోవాలనిపించిందని చెప్పేవాళ్లూ ఉండవచ్చు. అప్పుడు ఏం చేస్తారన్నది దరఖాస్తులో ఒక పేజీ రాయాలి. కమిటీలో నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చదివే పేజీ అదే. "తగిన కౌన్సెలింగ్ ఇప్పించబడుతుంది" అన్న ఒక్క వాక్యం చాలదు. ఎవరు, ఏ రోజుల్లో, ఎంత ఫీజుకు లేక ఉచితంగా చూస్తారు అన్నది ముందే మాట్లాడి పెట్టుకోవాలి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి, స్వయంగా వెళ్లి అక్కడి డాక్టరుతో మాట్లాడి రండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు వివరాల కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. ప్రాణహాని ఉందనిపిస్తే గోప్యత పక్కన పెట్టి సాయం పిలుస్తానని కూడా ముందే చెప్పాలి. ఇంటర్వ్యూ అయిన రెండు రోజులకు, వాళ్లు సరేనంటే, ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోండి. మీరు కౌన్సెలింగ్ మాత్రం చేయబోకండి, ఆ పాత్ర వేరు.

డేటా గురించి క్లుప్తంగా. గూగుల్ ఫారం వాడితే ఈమెయిల్ సేకరణ ఆపేయండి. రికార్డింగులు మీ ఫోన్ నుంచి తమంతట తాము డ్రైవ్‌లోకి ఎక్కుతున్నాయేమో సెట్టింగ్స్‌లో చూడండి. మాటను అక్షరాల్లోకి మార్చే ఉచిత యాప్‌లలోకి ఆడియో ఎక్కించవద్దు, అది ఎవరి సర్వర్‌లో కూర్చుంటుందో మీకు తెలియదు. పేర్లకూ కోడ్ నంబర్లకూ లింకు ఉన్న కాగితం వేరే చోట తాళం వేసి పెట్టండి, ఏ తేదీన చించేస్తారో రాయండి.

థీసిస్ రాసేటప్పుడు వచ్చే చిక్కు మాత్రం పెద్దది. పేరు మార్చి "లక్ష్మి" అని రాసినంత మాత్రాన మనిషి మరుగున పడదు. "నలభై అయిదేళ్ల పురుషుడు, కూచిపూడి గ్రామానికి చెందినవారు, స్త్రీ వేషాలకు పేరున్నవారు, ఇప్పుడు విజయవాడలో పిల్లలకు నేర్పుతున్నారు" అని రాశారనుకోండి, మన రంగంలో మొదటి వాక్యానికే ఎవరో చెప్పేస్తారు. వయసును పదేళ్ల అంతరంలో చెప్పండి, ఊరును జిల్లాగా మార్చండి, ఒకే మనిషి చెప్పిన మాటలను ఒకే కోడ్ కింద పేర్చకండి. అలా పేర్చితే నాలుగు చోట్ల చెప్పిన సంగతులు కలిపి మనిషిని పట్టేస్తారు. పట్టికలో ఏ గడిలోనైనా అయిదుగురి కన్నా తక్కువ ఉంటే పక్క గడిలో కలిపేయండి. గురువు ఏమన్నారో యథాతథంగా ఉటంకించేటప్పుడు మరీ జాగ్రత్త, కొందరి ఊతపదాలు అందరికీ తెలుసు. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లకు వాళ్ల మాటలు ఏ రూపంలో అచ్చవుతున్నాయో చూపించి, "ఇది వద్దు" అంటే తీసేయండి. మీ అధ్యాయంలో అదే అన్నిటికన్నా మంచి ఉటంకింపు అయినా సరే. థీసిస్‌లు ఇప్పుడు శోధగంగ అనే వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి, మీ గురువుగారూ చదువుతారు, ఆర్గనైజరూ చదవగలడు.

శీర్షిక కూడా ఆలోచించి పెట్టండి. "వృత్తి నర్తకీమణుల్లో ఆత్మగౌరవ లోపం" అని పెడితే ఫలితం రాకముందే తీర్పు ఇచ్చినట్టు. అలాగే శాస్త్రీయ నాట్యకారులనూ ఈవెంట్ డ్యాన్సర్లనూ ఎదురెదురుగా పెట్టి పోల్చే పట్టిక వల్ల మీకు ఒక టీ టెస్ట్ (రెండు సగటులను పోల్చే లెక్క) వస్తుంది, వాళ్లకు మాత్రం జిల్లా పేపర్లో ఒక హెడ్డింగ్ వస్తుంది. తేడా కనిపిస్తే ఆదాయం, పని భద్రత, వేధింపులు, సమాజం చూసే చూపు వీటితో కలిపి వివరించండి. ఆ డ్యాన్సర్ల మనసులోనే ఏదో తక్కువైందన్నట్టు రాయకండి. ఫలితాలు వచ్చాక ఇంగ్లీషు జర్నల్‌కు పంపే ముందు, రాసి ఇచ్చినవాళ్లకు రెండు పేజీల తెలుగు సారాంశం ఇవ్వండి. వీలైతే అందరినీ పిలిచి చెప్పండి, గురువులూ ఆర్గనైజర్లూ లేని రోజున.

కమిటీ విషయానికొస్తే, డేటా సేకరించేశాక అనుమతి ఇవ్వరు, అది గుర్తుంచుకోండి. గురువులు ఉత్సాహంగా ఉన్నారని ఒక్క ఫారం కూడా ముందే పంచకండి. కమిటీ ఏ నెలల్లో కూర్చుంటుందో మీ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఇప్పుడే అడగండి. ఒకటి రెండు సార్లు సవరణలు అడుగుతారు కాబట్టి ఆ సమయమూ లెక్కలో వేసుకోండి. దసరా నవరాత్రుల నుంచి కార్తీకం దాకా, మళ్లీ సంక్రాంతికి, పెళ్లి ముహూర్తాలకు ఈ రంగంలో ఎవరికీ ఊపిరి సలపదు. ముహూర్తాలు లేని మూఢం రోజులు ఇంటర్వ్యూలకు అనువుగా ఉంటాయి. ఆ నెలల్లో కొందరికి చేతిలో డబ్బు ఆడదు కూడా, మీరు ఇచ్చే మొత్తం ఒత్తిడిగా మారకుండా చూసుకోండి. ముందు సమ్మతి పత్రం తెలుగు ముసాయిదా రాసి, ఇంటర్మీడియట్ దాకా చదివిన ఒక డ్యాన్సర్ చేత పైకి చదివించి వినండి. ఆమె ఎక్కడ ఆగితే ఆ వాక్యం మార్చి, ఆ తర్వాతే గైడుకు చూపించండి.